కొంచెం వంగడం కుదరదు: గోళంలో మినిమల్ ఆకారాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గదిలో మేం కొందరం ఆదివారం పొద్దున్న కూర్చుని జ్యామితి చదువుకుంటున్నాం. విజయవాడ నుంచి రైల్లో వచ్చేవాళ్లున్నారు. ఎమ్మెస్సీ పిల్లలున్నారు. ఇంజినీరింగ్ చేసి ఉద్యోగంలో పడ్డా లెక్కల మీద ఇష్టం పోనివాళ్లూ ఉన్నారు. ఈ ఏడాది మేం పట్టుకున్న విషయం ఒకటే: గోళంలో ఉండే మినిమల్ సబ్‌మానిఫోల్డ్‌లు (అంటే గోళంలో ఇమిడే నునుపైన ఆకారాలు), వాటి వక్రత మీద పెట్టే షరతులు, ఆ షరతుల వల్ల పుట్టే దృఢత్వం. కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులు ఒకచోట రాశాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి. చాలా లెక్కలు మీరే చేసి చూడగలిగినవి.

గుర్తులు రెండే. ఆకారానికి ఎన్ని మితులు (డైమెన్షన్లు) ఉంటే ఆ సంఖ్య ‘ఎన్’. ఆకారం మొత్తంగా ఎంత వంగిందో కొలిచే సంఖ్య ‘ఎస్’. దాని వివరం తరవాత వస్తుంది.

మినిమల్ అంటే ఏమిటండీ?

సన్నటి తీగను ఎలాగైనా వంచి, రెండు కొసలూ కలిపి, సబ్బు నీళ్లలో ముంచి తీయండి. తీగ మీద పల్చటి పొర నిలుస్తుంది. ఆ పొర మినిమల్ ఉపరితలం. పొరకు అటూ ఇటూ ఉన్నది ఒకే గాలి, ఒకే ఒత్తిడి. అందుకని అది ఒక దిశలో ఎంత పైకి వంగితే, దానికి అడ్డ దిశలో అంతే కిందికి వంగాలి. ప్రకాశం బ్యారేజీ గేటుకు ఎగువన నీళ్లు ఎత్తుగా, దిగువన తక్కువగా ఉంటాయి కాబట్టి గేటు మీద నీటి తోపు ఉంటుంది. రెండు వైపులా మట్టం ఒకటే అయితే ఆ తోపు ఉండదు. సబ్బు బుడగ మొదటి రకం, లోపలి గాలి దాన్ని బయటికి తోస్తూ ఉంటుంది. తీగ మీద పొర రెండో రకం.

లెక్కల భాషలో: ప్రతి బిందువు దగ్గరా ఆకారం ఎలా వంగిందో ఒక సౌష్ఠవ మాత్రిక చెబుతుంది. దాని జాడ సున్నా అయితే ఆ ఆకారం మినిమల్. ఇంటర్ తెలుగు మీడియంలో మాత్రికలు చదివినవాళ్లకి జాడ గుర్తుండే ఉంటుంది, వికర్ణం మీది సంఖ్యల మొత్తం. నాకు ఆ మాట చాలా ఇష్టం. మొత్తం మాత్రిక వదిలేసి వెళ్లిన అడుగు గుర్తులా ఉంటుంది.

అంటే అన్నిటికన్నా తక్కువ వైశాల్యం ఉన్న ఆకారమా?

కానవసరం లేదు. అందుకే ‘కనిష్ఠ ఉపరితలం’ అనకుండా మినిమల్ అనే రాస్తున్నాను. నున్నటి బంతికి సరిగ్గా నడిమధ్యన రబ్బరు బ్యాండు చుట్టండి. జాగ్రత్తగా పెడితే నిలుస్తుంది. ఒక్క పిసరు పక్కకి జరిపితే జారి, చిన్నదైపోయి ఊడిపోతుంది. నడిమధ్యన ఉన్నప్పుడు పొడవు మార్పు రేటు సున్నా, అంతవరకే. అది గరిష్ఠమా, కనిష్ఠమా, రెండూ కాదా అన్నది ద్వితీయ అవకలజం చెప్పాలి. మినిమల్ అనే పేరు మొదటి అవకలజం దగ్గరే ఆగిపోతుంది.

మామూలు స్థలం ఉండగా గోళంలోకి ఎందుకు వెళ్లడం?

మామూలు స్థలంలో అంచు లేని, తనలో తాను మూసుకున్న మినిమల్ ఆకారం ఒక్కటి కూడా లేదు. కారణం చిన్నది. అలాంటి ఆకారం ఉందనుకుని దాని చుట్టూ ఒక పెద్ద గోళం గీయండి. గోళాన్ని మెల్లగా కుదించుకుంటూ రండి. ఎక్కడో ఒకచోట ఆకారానికి మొదటిసారి తగులుతుంది. తగిలిన చోట ఆకారం గోళం లోపలే ఉంది కాబట్టి అన్ని దిశల్లోనూ లోపలికే వంగి ఉండాలి. అన్నీ ఒకే గుర్తు ఉన్న సంఖ్యలు, వాటి మొత్తం సున్నా ఎలా అవుతుంది?

గోళం సంగతి వేరు. గోళం మీద మహావృత్తమే ఒక మూసుకున్న మినిమల్ ఆకారం. దాన్ని అనుసరించే దారం గోళం మీద ఎటూ తిరగకుండా తిన్నగా పోయి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. మితులు పెంచి, నాలుగు మితుల స్థలంలో గోళం తీసుకుంటే మహావృత్తం బదులు మహాగోళం. వీటికి ఎస్ విలువ సున్నా, గోళం దృష్టిలో ఇవి ఏమాత్రం వంగనివి. ఇవి కాక ఇంకేం ఉన్నాయన్నదే ఈ విషయమంతా.

నాలుగు మితుల స్థలంలో గోళం అంటున్నారు. దాన్ని చూడటం ఎలా?

చూడక్కర్లేదు. నాలుగు సంఖ్యలు, వాటి వర్గాల మొత్తం 1. అదే మూడు మితుల గోళం. కంటికి కనబడట్లేదని టెన్షన్ పడి మానేసినవాళ్లను నేను చూశాను, నాకు బాధగా ఉంటుంది. చేతిలో నాలుగు సంఖ్యలుంటే చాలు.

గారె బొమ్మ గీసి క్లిఫర్డ్ టోరస్ అంటారు. గారెకీ దానికీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఈ విషయం మొత్తంలో మీకు సొంతంగా తెలిసి ఉండాల్సిన ఉదాహరణ ఇదొక్కటే అనుకున్నా తప్పులేదు.

నాలుగు సంఖ్యల్లో మొదటి రెండింటి వర్గాల మొత్తం సగం, మిగతా రెండింటి వర్గాల మొత్తం సగం అనండి. మొదటి జత ఒక వృత్తం మీద తిరుగుతుంది, రెండో జత ఇంకో వృత్తం మీద. ఒక్కోదాని వ్యాసార్ధం 1/√2, చుట్టుకొలత దాదాపు 4.44. రెండు వృత్తాల గుణకారం కాబట్టి ఆకారం గారె లాంటిదే. వైశాల్యం 4.44 వర్గం, అంటే దాదాపు 19.74. పోలిక కోసం, అదే గోళంలో మహాగోళం వైశాల్యం దాదాపు 12.57.

వంటింటి గారెకి బయటి అంచు పొడుగు, చిల్లు చుట్టూ ఉన్న అంచు పొట్టి. బయటి వైపు బంతిలా ఉబ్బి ఉంటుంది, చిల్లు వైపు గుర్రపు జీనులా ఉంటుంది. క్లిఫర్డ్ టోరస్‌కి లోపలి వైపు, బయటి వైపు అనే భేదం లేదు. ప్రతి బిందువూ ఇంకో బిందువు లాంటిదే. దాని మీద తిరిగే చీమకు అది చదును కాగితంలాగే తోస్తుంది. మన మూడు మితుల స్థలంలో కాగితాన్ని గొట్టంలా చుట్టగలం కానీ, ఆ గొట్టం రెండు మూతులూ కలిపి, వక్రత లెక్కించగలిగేంత నునుపుగా, సాగకుండా గారె చెయ్యలేం. నాలుగు మితుల్లో ఆ ఇబ్బంది లేదు.

ఇది మినిమల్ అని తేల్చడానికి అవకలనం కూడా అక్కర్లేదు. ఈ టోరస్ గోళాన్ని రెండు భాగాలు చేస్తుంది: మొదటి జత పెద్దగా ఉన్న భాగం, రెండో జత పెద్దగా ఉన్న భాగం. రెండు జతల్నీ తారుమారు చేస్తే గోళం గోళంగానే ఉంటుంది, టోరస్ టోరస్‌గానే ఉంటుంది, రెండు భాగాలు మాత్రం చోట్లు మార్చుకుంటాయి. ప్రతి బిందువూ ఒకటే కాబట్టి జాడ అన్నిచోట్లా ఒకే సంఖ్య. తారుమారు చేస్తే ఆ సంఖ్య గుర్తు మారాలి. తనకు తానే రుణాత్మకమైన సంఖ్య సున్నా ఒక్కటే. నేను మొదటిసారి ఈ వాదన విన్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఎస్ అంటే సరిగ్గా ఏమిటి?

ఇందాకటి మాత్రికలోని సంఖ్యలన్నిటి వర్గాల మొత్తం. ఆకారం గోళం కన్నా ఒక్క మితి మాత్రమే తక్కువైతే (దీన్ని హైపర్‌సర్ఫేస్ అంటాం) మాత్రిక ఒక్కటే ఉంటుంది. దాన్ని వికర్ణ రూపంలో పెడితే ప్రధాన వక్రతలు వస్తాయి. వాటి మొత్తం సున్నా, అది మినిమల్ షరతు. వాటి వర్గాల మొత్తం ఎస్. క్లిఫర్డ్ టోరస్‌కి ప్రధాన వక్రతలు 1, −1. మొత్తం సున్నా, ఎస్ = 2.

ఇంకో మంచి సంగతి ఉంది. ఎస్ బయటి నుంచి చూసి కొలిచేదిలా కనిపిస్తుంది కానీ, మినిమల్ ఆకారానికి గౌస్ సమీకరణం ప్రకారం స్కేలార్ వక్రత = ఎన్ × (ఎన్ − 1) − ఎస్. ఎడమ పక్కది ఆకారం లోపలే తిరిగే చీమ కొలవగలిగినది. అంటే బయటి వంపు ఎంతో చీమకీ తెలుస్తుంది. ఉపరితలానికైతే ఇది మరీ సులువు: గౌస్ వక్రత = 1 − ఎస్/2. టోరస్‌కి ఎస్ = 2 పెడితే సున్నా వస్తుంది. చదును కాగితం అన్న మాట సరిపోయింది.

ఇంతకీ అసలు సిద్ధాంతం ఏమిటి?

అమెరికన్ గణితవేత్త జేమ్స్ సైమన్స్ 1968లో నిరూపించాడు. గోళంలో మూసుకున్న మినిమల్ హైపర్‌సర్ఫేస్ తీసుకోండి. దాని మీద అన్నిచోట్లా ఎస్ విలువ ఎన్ కన్నా తక్కువగా ఉంటే, ఎస్ అన్నిచోట్లా సున్నాయే. అంటే అది మహాగోళమే.

దీని అర్థం కాస్త మనసులో పట్టనివ్వండి. మహాగోళాన్ని కొద్దిగా, చాలా కొద్దిగా వంచి, మినిమల్‌గానే ఉంచుదాం అనుకుంటే అవ్వదు. ఎక్కడో ఒకచోట ఎస్ విలువ ఎన్ దాకా చేరి తీరాలి. సున్నాకీ ఎన్‌కీ మధ్య ఇరుక్కుని ఏదీ ఉండదు. దృఢత్వం అంటే మేం చెప్పేది ఇదే.

రుజువు మాకు అర్థమయ్యేదేనా?

బీఎస్సీ కలనగణితం వచ్చినవాళ్లకి ముఖ్యమైన భాగం పూర్తిగా అర్థమవుతుంది. అంతా ఒక్క సమీకరణం మీద నిలబడి ఉంది. సైమన్స్ సమీకరణం అంటాం:

½ × (ఎస్ లాప్లాసియన్) = (వంపు చోటు మారేకొద్దీ మారే రేటు, దాని వర్గం) + ఎస్ × (ఎన్ − ఎస్)

లాప్లాసియన్ అంటే అన్ని దిశల్లోని ద్వితీయ అవకలజాల మొత్తం. ఇప్పుడు ఎస్ ఎక్కడ గరిష్ఠమో అక్కడికి వెళ్లండి. ఆకారం మూసుకున్నది కాబట్టి అలాంటి చోటు తప్పకుండా ఉంటుంది. ఇంద్రకీలాద్రి శిఖరం మీద నిలబడితే ఎటు అడుగేసినా ఇంకా పైకి పోలేం కదా, అలాగే అక్కడ ద్వితీయ అవకలజాలు సున్నా గానీ రుణాత్మకం గానీ అవుతాయి. అంటే ఎడమ పక్క ధనాత్మకం కాదు. కుడి పక్క చూడండి. మొదటిది వర్గం, రుణాత్మకం కాదు. రెండోది, ఎస్ సున్నాకీ ఎన్‌కీ మధ్య ఉంటే, కచ్చితంగా ధనాత్మకం. రెండు పక్కలూ సరిపోవు. కాబట్టి ఎస్ గరిష్ఠ విలువే సున్నా. గరిష్ఠమే సున్నా అయితే మిగతావాటి సంగతి చెప్పేదేముంది?

ఎస్ విలువ ఎన్‌ని తాకడానికి కూడా వీలిస్తే ఈ శిఖరం వాదన సరిపోదు. అప్పుడు సమీకరణాన్ని ఆకారం అంతటా సమాకలనం చేస్తాం. మూసుకున్న ఆకారం మీద లాప్లాసియన్ సమాకలనం ఎప్పుడూ సున్నా, ఎక్కిన ఎత్తంతా ఎక్కడో దిగక తప్పదు. కుడి పక్కన ఉన్న రెండు పదాలూ రుణాత్మకం కానివి, వాటి మొత్తం సున్నా, కాబట్టి రెండూ విడివిడిగా అన్నిచోట్లా సున్నా. ఫలితం: ఎస్ సున్నా, లేకపోతే ఎస్ అంతటా సరిగ్గా ఎన్, పైగా వంపు ఎక్కడా మారదు.

సైమన్స్ సమీకరణాన్ని రాబట్టడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. అవకలనం చేసే వరుస మార్చినప్పుడల్లా వక్రత పదం ఒకటి అదనంగా వస్తుంది. గోళం సొంత వక్రత నుంచి వచ్చేది ఎన్ × ఎస్. ఆకారం సొంత వంపు నుంచి వచ్చేది −ఎస్ వర్గం. గోళం పట్టి లాగుతుంది, వంపు ఎదురు తిరుగుతుంది. ఎస్ = ఎన్ దగ్గర రెండూ సమానం.

ఎస్ = ఎన్ అయ్యే ఆకారాలు ఏవి?

క్లిఫర్డ్ రకం ఆకారాలు మాత్రమే, అంటే రెండు చిన్న గోళాల గుణకారాలు. 1969లో లాసన్, 1970లో చెర్న్, దో కార్మో, కొబయాషి కలిసి దీన్ని తేల్చారు.

ఎన్ = 3తో చేసి చూడండి. ఒక వృత్తం, ఒక మామూలు గోళం గుణిస్తాం. వృత్తం వ్యాసార్ధం √(1/3), గోళానిది √(2/3). వర్గాలు కలిపితే 1, కాబట్టి పెద్ద గోళంలో ఇమిడిపోతుంది. ప్రధాన వక్రతలు √2 ఒకసారి, −1/√2 రెండుసార్లు. మొత్తం √2 − √2 = 0. వర్గాలు 2 + ½ + ½ = 3. ఎన్ ఎంతో ఎస్ కూడా అంతే. వ్యాసార్ధాలు వేరేగా తీసుకుంటే జాడ సున్నా కాదు. మినిమల్ షరతే వ్యాసార్ధాలను నిర్ణయిస్తుంది.

ఆకారం మూసుకుని ఉండటం అంత ముఖ్యమా? చిన్న ముక్క తీసుకోకూడదా?

చాలా ముఖ్యం. ఎమ్మెస్సీ అయిన కొత్తలో నేను ఈ షరతును సరిగ్గా పట్టించుకోక నెలల తరబడి తప్పుదారిలో తిరిగాను. చిన్న ముక్కలకు ఈ సిద్ధాంతం వర్తించదు. ఎస్ ఎంత చిన్నదైనా సున్నా కాని మినిమల్ ముక్కలు కావలసినన్ని ఉన్నాయి. శిఖరం వాదన ఎక్కడ ఆధారపడిందో చూడండి: గరిష్ఠ విలువ ఆకారం లోపలే ఎక్కడో ఉంటుందన్న హామీ మీద. ముక్కకి అంచు ఉంటే గరిష్ఠం అంచు మీదికి పారిపోవచ్చు.

ఆకారం గోళం కన్నా ఒక్క మితి కాక ఎక్కువ మితులు తక్కువైతే?

అప్పుడు వంగడానికి దిశలు ఎక్కువ, మాత్రికలు కూడా ఒకటి కన్నా ఎక్కువ, అవి ఒకదానితో ఒకటి గుణకారంలో వరుస మార్చుకోకపోవచ్చు. హద్దు తగ్గుతుంది. లోటు పడిన మితుల సంఖ్యను ‘పి’ అంటే, సైమన్స్ ఇచ్చిన హద్దు ఎన్ ÷ (2 − 1/పి). పి = 1 పెడితే మళ్లీ ఎన్ వస్తుంది. పి పెరిగేకొద్దీ హద్దు ఎన్‌లో సగం వైపు జారుతుంది.

ఆ హద్దును సరిగ్గా తాకేవి, చెర్న్ బృందం 1970లో చూపినట్టు, క్లిఫర్డ్ హైపర్‌సర్ఫేస్‌లు, వాటితో పాటు ఒకే ఒక్క కొత్త ఆకారం: వెరొనీస్ ఉపరితలం. √3 వ్యాసార్ధం ఉన్న మామూలు గోళం మీది ప్రతి బిందువునూ ఐదు వర్గ బహుపదుల ద్వారా నాలుగు మితుల గోళంలోకి పంపిస్తాం. అన్నీ వర్గ పదాలే కాబట్టి ఎదురెదురు బిందువులు రెండూ వెళ్లి ఒకేచోట పడతాయి. గౌస్ వక్రత 1/3. ఇక్కడ 1/3 = 1 − ఎస్/2 రాస్తే ఎస్ = 4/3. హద్దు సూత్రంలో ఎన్ = 2, పి = 2 పెట్టండి: 2 ÷ 1.5 = 4/3. రెండు వేర్వేరు దారుల్లో ఒకే సంఖ్య వచ్చినప్పుడు గదిలో అందరి ముఖాలూ వెలిగాయి.

పి పెద్దదైనప్పుడు సైమన్స్ హద్దును ఇంకా పెంచవచ్చా అన్న ప్రశ్న చాలాకాలం ఉండిపోయింది. 1992లో లీ అన్‌మిన్, లీ జిమిన్ తేల్చారు: పి 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, పి ఎంతైనా సరే, హద్దు ఎన్‌లో 2/3 వంతు. ఎస్ అన్నిచోట్లా ఆ హద్దు లోపలే ఉంటే ఆకారం మహాగోళం, లేకపోతే వెరొనీస్.

ఎస్ కాకుండా వేరే వక్రత మీద షరతు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. రిచ్చీ వక్రత (ఒక్కో దిశకి, ఆ దిశ ఉన్న తలాల వక్రతల మొత్తం) మీద ఎజిరి 1979లో ఇచ్చిన ఫలితం అందమైనది. ఎన్ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండి, ఆకారం సింప్లీ కనెక్టెడ్ (దాని మీద గీసిన ఏ ఉచ్చునైనా ఒక బిందువుగా కుదించగలిగేది) అయి, రిచ్చీ వక్రత అన్ని దిశల్లో ఎన్ − 2 కన్నా తగ్గకపోతే మూడే అవకాశాలు: మహాగోళం, రెండు సమాన గోళాల క్లిఫర్డ్ గుణకారం, ఏడు మితుల గోళంలో కూర్చునే సంకీర్ణ ప్రక్షేప తలం (కాంప్లెక్స్ ప్రొజెక్టివ్ ప్లేన్, నాలుగు మితుల ఆకారం). సెక్షనల్ వక్రత (రెండేసి దిశలు తీసుకుని, ఆ తలానికి విడిగా కొలిచే వక్రత) మీద కూడా ఇలాంటివి ఉన్నాయి, అక్కడా చివర్లో వెరొనీస్ ప్రత్యక్షమవుతుంది. మేం ఇంకా వాటిని చదవడం పూర్తి చేయలేదు.

వక్రత షరతు ఏమీ పెట్టకపోతే?

అప్పుడు ఆకారాలకు లెక్కే లేదు. 1970లో లాసన్ మూడు మితుల గోళంలో, ఎన్ని చిల్లులు కావాలంటే అన్ని చిల్లులున్న, తనను తాను ఎక్కడా తాకని మూసుకున్న మినిమల్ ఉపరితలాలను కట్టి చూపించాడు.

చిల్లు లేకపోతే మాత్రం స్వేచ్ఛ లేదు. మూడు మితుల గోళంలో బంతి లాంటి మినిమల్ ఉపరితలం మహాగోళమేనని ఆల్‌మ్‌గ్రెన్ 1966లో చూపాడు. ఒక్క చిల్లు ఉంటే? ఇక్కడ మీరే చేయగలిగిన లెక్క ఒకటుంది. గౌస్–బానే సిద్ధాంతం ప్రకారం గారె ఆకారం మీద గౌస్ వక్రత మొత్తం సున్నా. అది 1 − ఎస్/2 కాబట్టి ఏ మినిమల్ టోరస్ మీదైనా ఎస్ సగటు సరిగ్గా 2. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇక ఎస్ ఎక్కడా 2 దాటకపోతే, సగటే 2 కాబట్టి అంతటా 2, అంటే అది క్లిఫర్డ్ టోరస్. సైమన్స్ సమీకరణం లేకుండానే ఇక్కడిదాకా వచ్చేశాం.

వక్రత షరతు లేకుండా, తనను తాను తాకని మినిమల్ టోరస్ క్లిఫర్డ్ టోరసేనని లాసన్ 1970లో ఊహించాడు. నలభై ఏళ్లకు పైగా ఆ ఊహ అలాగే ఉండిపోయింది. 2012లో సైమన్ బ్రెండిల్ నిరూపించాడు. టోరస్ మీద ప్రతి బిందువు దగ్గరా లోపలి నుంచి ఆనే బంతి ఎంత పెద్దదై ఉండొచ్చో చూసి, ఆ పరిమాణాన్ని ఆ చోటి వంపుతో పోల్చి, మళ్లీ శిఖరం వాదననే వాడాడు. అదే ఏడాది మార్క్వెస్, నెవెస్ కనీసం ఒక చిల్లున్న, తనను తాను తాకని మూసుకున్న మినిమల్ ఉపరితలం వైశాల్యం క్లిఫర్డ్ టోరస్ వైశాల్యం కన్నా, అంటే మనం ఇందాక లెక్కగట్టిన 19.74 కన్నా, తగ్గదని చూపించారు.

ఎన్ దాటాక ఎస్ విలువకి మళ్లీ ఖాళీ ఉంటుందా?

ఉంటుందనే నమ్మకం. ఎస్ స్థిరంగా ఉన్న మూసుకున్న మినిమల్ హైపర్‌సర్ఫేస్‌లకు ఎస్ విలువలు మెట్లు మెట్లుగా మాత్రమే రావాలన్నది చెర్న్ ఊహ. మొదటి మెట్టు 0, రెండోది ఎన్. 1983లో పెంగ్, టెర్ంగ్ ఎన్ తరవాత కూడా ఖాళీ ఉందని నిరూపించారు: ఎస్ స్థిరమై ఎన్ దాటితే కనీసం 1/(12 × ఎన్) మేర దాటాలి. చిన్న సంఖ్యే, కానీ సున్నా కాదు. తరవాతివాళ్లు ఆ ఖాళీని పెంచుకుంటూ వచ్చారు, 1998లో యాంగ్, చెంగ్ దాన్ని ఎన్‌లో మూడో వంతు దాకా తెచ్చారు.

తెలిసిన ఉదాహరణలు ఐసోపారామెట్రిక్ హైపర్‌సర్ఫేస్‌లు, అంటే ప్రధాన వక్రతలు అంతటా ఒకేలా ఉండేవి. వేర్వేరు ప్రధాన వక్రతల సంఖ్య 1, 2, 3, 4, 6 మాత్రమే కాగలదని మ్యున్‌త్సనర్ చూపాడు. 5 ఉండదు, 7 ఉండదు. మినిమల్ అయినవాటిలో ఎస్ వరుసగా 0, ఎన్, 2ఎన్, 3ఎన్, 5ఎన్. ఎన్ = 3 అయితే ఎస్ 0, 3, 6 తప్ప ఇంకేదీ కాదని చాంగ్ 1993లో పూర్తి చేశాడు. అన్ని మితులకూ వర్తించే జవాబు ఇంకా రాలేదు. మన దగ్గర నుంచి ఎవరైనా ఈ ప్రశ్న మీద పనిచేస్తే చూడాలని నాకు గట్టి కోరిక.

గోళంలో తేల్చినదానికి గోళం బయట ఏదైనా ఉపయోగం ఉందా?

సైమన్స్ బయలుదేరిందే దాని కోసం. గోళంలోని మినిమల్ ఆకారం మీది ప్రతి బిందువునూ కేంద్రంతో కలుపుతూ కిరణాలు గీస్తే ఒక శంకువు వస్తుంది, అది మామూలు స్థలంలో మినిమల్. ఆ శంకువు కేంద్రం దగ్గర మొనదేలి ఉంటుంది. సబ్బు పొరకి అలాంటి మొన స్థిరంగా నిలుస్తుందా అన్నది ప్రశ్న.

నిలవాలంటే శంకువు కింద ఉన్న ఆకారం వంపు మరీ ఎక్కువ కాకూడదు, హద్దు (ఎన్ − 1) వర్గంలో నాలుగో వంతు. మరో పక్క సైమన్స్ సమీకరణం చెబుతోంది, మహాగోళం కాకపోతే వంపు ఎన్ కన్నా తక్కువతో సరిపెట్టుకోలేదని. రెండిటినీ పక్కపక్కన పెట్టండి. ఎన్ = 4 అయితే హద్దు 2.25, కావాల్సింది 4. కుదరదు. ఎన్ = 5 అయితే 4, 5. కుదరదు. ఎన్ = 6 అయితే 6.25, 6. కుదిరింది! అందుకే ఏడు మితుల స్థలం దాకా అలాంటి శంకువు స్థిరంగా ఉండదు, ఎనిమిదిలో మొదటిసారి అవకాశం వస్తుంది. మూడేసి మితులున్న రెండు గోళాల క్లిఫర్డ్ గుణకారం మీద కట్టిన సైమన్స్ శంకువు నిజంగానే అతి తక్కువ వైశాల్యం ఉన్నదని బొంబియేరి, డి జార్జి, జుస్తి 1969లో నిరూపించారు. 6.25కీ 6కీ మధ్య ఉన్న ఆ పావు వంతు తేడాలో అంత కథ ఉంది.

సైమన్స్ 1978లో విశ్వవిద్యాలయం వదిలి ఆర్థిక రంగంలోకి వెళ్లాడు, 2024లో కన్నుమూశాడు. చాలామందికి ఆయన ఆ రంగంలో సంపాదించిన డబ్బు వల్ల తెలుసు. మా గదిలో ఆయన పేరు ఒక సమీకరణానికే.

నెట్ పరీక్షకి ఉపయోగపడుతుందా సార్?

నేరుగా కాదు. సిలబస్‌లో ఉన్న లీనియర్ ఆల్జీబ్రా, వేరియేషన్ల కలనగణితం మాత్రం ఇక్కడ చేతికి బాగా అలవాటవుతాయి. పరీక్ష దగ్గరపడితే ముందు అది చదువుకోండి, తరవాత రండి.

క్లాసుకి వచ్చే ముందు ఏం తెలిసి ఉండాలి?

సౌష్ఠవ మాత్రికను వికర్ణ రూపంలో పెట్టడం, పాక్షిక అవకలజాలు, ఉపరితలానికి స్పర్శ తలం అంటే ఏమిటి. ఇంతే. మానిఫోల్డ్ నిర్వచనం మొదటి రోజే కంఠతా రావాలని ఎవరూ అడగరు.

ముందుగా ఏ లెక్క చేసుకుని రమ్మంటారు?

రెండు చేసుకుని రండి. మొదటిది కార్టన్ హైపర్‌సర్ఫేస్: ఎన్ = 3, ప్రధాన వక్రతలు √3, 0, −√3. మొత్తం సున్నా, వర్గాల మొత్తం 6, అంటే ఎన్‌కి రెట్టింపు. ఇది నేనే చేసేశాను. రెండోది మీది: ఎన్ = 4, ప్రధాన వక్రతలు √2 + 1, √2 − 1, −(√2 − 1), −(√2 + 1). జాడ చూడండి, ఎస్ కట్టండి. 12 రావాలి.